స్ట్రెచింగ్‌తో కండరం నిజంగా పొడవవుతుందా? స్కాన్‌లో దేన్ని కొలవాలి?

ఫిజియో_పీజీ (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పీజీ థీసిస్ కోసం ఒక అంశం అనుకున్నాను. పిక్క కండరానికి 8 వారాల పాటు రోజూ స్టాటిక్ స్ట్రెచింగ్ (సాగదీసి కదలకుండా పట్టి ఉంచడం) చేయించి, ముందొకసారి, తర్వాతొకసారి అల్ట్రాసౌండ్ తీసి లోపలి నిర్మాణం మారిందో లేదో చూడాలని. పిక్క లోపలివైపు ఉండే మీడియల్ గాస్ట్రోక్నీమియస్‌లో మూడు కొలుద్దామనుకుంటున్నాను. కండరం మందం, ఫాసికిల్ (కండరం పోగుల కట్ట) పొడవు, పెన్నేషన్ కోణం, అంటే ఆ పోగులు ఎంత ఏటవాలుగా ఉన్నాయన్నది. లీనియర్ ప్రోబ్ ఉన్న మామూలు మెషిన్ అందుబాటులో ఉంది. ఎమ్మారై దొరుకుతుందో లేదో చెప్పలేను, గైడ్ గారు అడిగి చూద్దామన్నారు.

చీలమండ ముందుకంటే ఎక్కువ వంగుతోందంటే కండరం పొడవైనట్టేనా? చదివిన పేపర్లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఒకరు ఫాసికిల్ పెరిగిందంటారు, ఇంకొకరు ఏమీ మారలేదంటారు. సినాప్సిస్ ఇచ్చే గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఈ కొలతల్లో నేను కొత్తదాన్ని, కాస్త దారి చూపండి.

---

పరుగుపిచ్చి

నాకు పేపర్ల సంగతి తెలియదు గానీ ఒక మాట. పరుగుకి ముందు గోడకి చేతులానించి పిక్కలు సాగదీస్తే కాలు హాయిగా వంగుతుంది. మర్నాడు చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మరి ఆ పెరిగిన పొడవంతా ఎక్కడికి పోయినట్టు?

---

సార్కోమియర్

పరుగుపిచ్చి గారు అడిగినదే అసలు ప్రశ్న. కీలు ఎంత వంగుతుందన్నది ఒక సంగతి, కండరం లోపల ఏం మారిందన్నది వేరే సంగతి. చాలా పేపర్లు తికమక పెట్టేది ఇక్కడే.

కాస్త లోపలికి వెళ్దాం. కండరంలో ఫాసికిళ్లు, అంటే పోగుల కట్టలు. ఒక్కో కట్టలో తంతువులు. ఒక్కో తంతువు నిండా ఒకదాని వెనక ఒకటిగా గుచ్చినట్టు సార్కోమియర్లు, అంటే కుదించుకుని బలం పుట్టించే అతి చిన్న ముక్కలు. మనిషి కండరంలో సార్కోమియర్ ఎక్కువ బలం పుట్టించేది దాని పొడవు సుమారు 2.7 మైక్రోమీటర్లు ఉన్నప్పుడు. లెక్క వేసి చూడండి. 5.4 సెం.మీ. ఫాసికిల్‌లో ఒక్కోటి 2.7 చొప్పున ఉంటే వరసకి 20,000 సార్కోమియర్లు. పాదాన్ని పైకి వంచి అదే ఫాసికిల్‌ని 6.2 సెం.మీ.కి లాగారనుకోండి, ఒక్కోటి 3.1 అవుతుంది. సంఖ్య మాత్రం 20,000 దగ్గరే ఉంటుంది. వదిలేస్తే ఎక్కడిదక్కడికి వచ్చేస్తుంది.

నిజంగా పొడవు పెరిగిందనాలంటే వరసలో కొత్త సార్కోమియర్లు చేరాలి. ఇది జరుగుతుందని జంతువుల్లో ఎప్పుడో తేలింది. 1972లో టాబరీ బృందం పిల్లి సోలియస్ అనే పిక్క కండరాన్ని నాలుగు వారాలు కట్టులో ఉంచి చూసింది. సాగిన స్థితిలో ఉంచితే వరసలో సార్కోమియర్లు 19 శాతం పెరిగాయి. కుదించిన స్థితిలో ఉంచితే 40 శాతం తగ్గాయి. కట్టు తీసేశాక మళ్ళీ మామూలుకి వచ్చాయి కూడా. అంటే కండరం తన పొడవుని తానే సర్దుకుంటుంది.

కానీ అది రోజంతా, రాత్రంతా ఉన్న కట్టు. మనం చేసేది రోజుకి కొన్ని నిమిషాల సాగదీత. పిల్లి లెక్కని మనిషికి అంటగట్టి, "స్ట్రెచింగ్ కండరాన్ని పొడిగిస్తుంది" అని పాఠ్యపుస్తకాల్లో రాసేశారు. మనుషుల మీద 3 నుంచి 8 వారాలు చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2018లో ఫ్రెయిటాస్ బృందం విశ్లేషిస్తే, కండరం, దాన్ని ఎముకకి కలిపే టెండన్, ఈ రెండింటి యాంత్రిక లక్షణాల్లో మార్పు దాదాపు లేనట్టే తేలింది. కీలు వంగడం మాత్రం పెరిగింది.

---

అనుమానప్పక్షి

అయితే ఈ థీసిస్‌లో ఫలితం ముందే తెలిసిపోయినట్టేగా. ఏమీ మారదు. కొండను తవ్వి ఎలుకను పట్టడానికి స్కానెందుకు, కీలు కోణం కొలిచే గోనియోమీటర్ సరిపోదా?

---

సార్కోమియర్

మారదని నేను అనలేదు. 8 వారాల మామూలు మోతాదులో మారిందని చూపించడం కష్టమన్నాను. మోతాదు పెరిగితే కథ వేరు. 2022లో వార్నెకె బృందం పాదాన్ని వంచి పట్టి ఉంచే ఆర్థోసిస్ తగిలించి పిక్కని రోజుకి గంట చొప్పున ఆరు వారాలు సాగదీయించింది. అల్ట్రాసౌండ్‌లో కండరం మందం సుమారు 15 శాతం పెరిగింది, బలం కూడా పెరిగింది. రోజుకి గంట! ఎంతమంది చేస్తారన్నది వేరే సంగతనుకోండి.

---

ప్రోబ్_పట్టినచెయ్యి

ఫిజియో_పీజీ గారూ, సిద్ధాంతం సార్కోమియర్ గారు చూసుకుంటారు. నేను చేతి పని చెబుతాను. ఏళ్ల తరబడి చేస్తున్నది అదే.

చాలామంది ఫాసికిల్ పొడవుని నేరుగా కొలవరు. మందాన్ని పెన్నేషన్ కోణం సైన్‌తో భాగిస్తారు. ఈ లెక్కలో గోతి ఎక్కడుందో చూడమ్మా. మందం 2 సెం.మీ., కోణం 20 డిగ్రీలు అనుకో. పొడవు 5.85 సెం.మీ. వస్తుంది. అదే బొమ్మలో గీత కాస్త అటూ ఇటూ గీసి 18 డిగ్రీలు చదివితే 6.47 వస్తుంది. రెండే రెండు డిగ్రీల తేడాకి 6 మిల్లీమీటర్లు, అంటే పది శాతం పైమాట! 8 వారాల స్ట్రెచింగ్ అంత పెంచిందంటే పేపర్ పడినట్టే. కానీ పెంచింది స్ట్రెచింగ్ కాదు, మౌస్ పట్టుకున్న చెయ్యి.

ఇక ప్రోబ్. ఫాసికిళ్లు ఉన్న తలంలోనే ప్రోబ్ తలం పడాలి. కాస్త పక్కకి ఒరిగినా గీతలు ముక్కముక్కలుగా, మసగ్గా కనిపిస్తాయి, కోణం తప్పు వస్తుంది. కండరాన్ని పైనా కిందా కప్పే రెండు అపోన్యూరోసిస్‌లూ ప్రకాశవంతమైన గీతల్లా కనిపించాలి, మధ్యలో పోగులు ఒక చివర నుంచి ఇంకో చివరదాకా తెగకుండా రావాలి. అలా వచ్చేదాకా మణికట్టుని మెల్లగా తిప్పుతూ ఉండాల్సిందే. తొందరపడితే కుదరదు.

నొక్కొద్దు. జెల్ దండిగా వేసి, ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య జెల్ పొర కనిపిస్తూ ఉండేలా పట్టుకోవాలి. నొక్కితే మందం తగ్గుతుంది, కోణమూ మారుతుంది.

చోటు గుర్తు పెట్టుకోవడం ఇంకో పెద్ద పని. మోకాలి వెనక ముడత నుంచి బయటి చీలమండ ఎముక దాకా కొలిచి, పై నుంచి 30 శాతం దగ్గర తీయడం మామూలు పద్ధతి. పారదర్శక షీటు కాలి మీద పరిచి పుట్టుమచ్చలు, మచ్చలు, ప్రోబ్ అంచులు మార్కర్‌తో గీసి ఉంచుకో. 8 వారాల తర్వాత అదే షీటు పరిచి అదే చోటు వెతుక్కోవచ్చు.

---

ఫిజియో_పీజీ

ఆ 2 డిగ్రీల లెక్క చూసి గుండె జారిపోయింది. మా మెషిన్ ప్రోబ్ వెడల్పు 4 సెం.మీ. చిల్లర. ఫాసికిల్ మొత్తం పట్టదు కదా?

---

ప్రోబ్_పట్టినచెయ్యి

పిక్కలో సుమారుగా సరిపెట్టుకోవచ్చు. కొద్దిగా బయటికి పోతే గీత పొడిగించి అంచనా వేస్తారు. తొడల దగ్గర మాత్రం ఆ ఆట సాగదు. ముందు తొడ వాస్టస్ లాటరాలిస్, వెనక తొడ బైసెప్స్ ఫెమొరిస్ పోగులు ప్రోబ్ వెడల్పుని ఎప్పుడో దాటేస్తాయి. పైగా అవి తిన్నగా ఉండవు, వంపు తిరుగుతాయి. కనిపించిన ముక్కని బట్టి కనిపించని ముక్కని తిన్నని గీతతో ఊహిస్తే లెక్క ఎటైనా పోవచ్చు. మెషిన్‌లో పనోరమిక్ మోడ్ ఉందేమో చూడు. ప్రోబ్‌ని పోగుల వెంట జరుపుకుంటూ పోతే పొడవాటి ఒకే బొమ్మగా కుడుతుంది. అదుంటే సగం గొడవ వదిలినట్టే.

---

టెస్లా3

ఎమ్మారై వైపు నుంచి నా వంతు.

అల్ట్రాసౌండ్ ఒక పలుచని ముక్కనే చూపిస్తుంది. కండరం మూడు కొలతల వస్తువు. సాగినప్పుడు పోగులు పొడవవడమే కాదు, దిశ కూడా మారతాయి, వంపు కూడా మారుతుంది. డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్, మా భాషలో డీటీఐ, ఇక్కడ పనికొస్తుంది. తంతువు గోడలు అడ్డుండటం వల్ల నీటి అణువులు అడ్డంగా కంటే పొడుగునా సులువుగా కదులుతాయి. ఆ కదలిక దిశని ప్రతి వోక్సెల్‌లో, అంటే బొమ్మలోని ప్రతి చిన్న ఘనంలో, కొలిచి, ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే పోగుల దారులు గీయొచ్చు. బోల్‌స్టర్లీ, హెర్బర్ట్ బృందం 2017లో ఇలాగే మీడియల్ గాస్ట్రోక్నీమియస్ మొత్తాన్నీ పాదం వేర్వేరు కోణాల్లో ఉంచి చూసింది.

వినడానికి బాగుంటుంది. చేయడం మొదలుపెడితే తెలుస్తుంది. 3 టెస్లా దగ్గర కండరం టీ2, అంటే సిగ్నల్ ఆరిపోయే సమయం, సుమారు 35 మిల్లీసెకన్లు, మెదడు కంటే బాగా తక్కువ. సిగ్నల్ చూస్తుండగానే పడిపోతుంది. అందుకే మెదడుకి వాడే 1000 బీ-విలువ (నీటి కదలికని ఎంత గట్టిగా పట్టాలన్న సెట్టింగు) ఇక్కడ పెట్టరు, 400, 500 దగ్గర ఆగుతారు. కొవ్వు సిగ్నల్ పక్కకి జరిగి కండరం మీద పడుతుంది, దాన్ని గట్టిగా అణచాలి. గీసిన దారులు అపోన్యూరోసిస్ దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతాయి, మిగతాది లెక్కతో పొడిగించాలి. కాబట్టి ఇక్కడా ఊహ లేకపోలేదు.

ఇంకోటి, ఎవరూ పేపర్లో సరిగ్గా రాయనిది. మనిషి వెల్లకిలా పడుకుంటే పిక్క బల్లకి నొక్కుకుని చదునుగా అయిపోతుంది. అలా తీసిన బొమ్మలో కొలిచేది నొక్కుడు పడ్డ కండరాన్ని. మోకాలి కిందా మడమ కిందా ఎత్తు పెట్టి పిక్క గాలిలో వేలాడేలా చూడాలి. పాదం పట్టి ఉంచే పలక ప్లాస్టిక్‌దో చెక్కదో అయ్యుండాలి, ఒక్క ఇనప స్క్రూ ఉన్నా ఇక అంతే. సాగదీసిన పాదంతో పది నిమిషాలు కదలకుండా ఉండమంటే, ఆరో నిమిషంలో కాలు అదురుతుంది. ఆ స్కాన్ పోయినట్టే.

---

పరుగుపిచ్చి

టెస్లా అన్నా, పది నిమిషాలు పిక్క సాగదీసి కదలకుండా ఉండటం మా వాళ్లకి శిక్ష 😅

---

పిల్లలఫిజియో

ఈ చర్చలో పిల్లల సంగతి రాకపోతే వెలితిగా ఉంటుంది. నేను సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలతో పనిచేస్తాను. పిక్కా, వెనక తొడా బిగుసుకుపోయి మడమ నేలకి ఆనదు. "కండరం పొట్టిగా ఉంది, సాగదీయండి" అని మాకు నేర్పారు.

కానీ ఆపరేషన్ సమయంలో తీసిన ముక్కల్ని లేజర్ డిఫ్రాక్షన్‌తో (లేజర్ కాంతి చెదిరే తీరుని బట్టి సార్కోమియర్ పొడవు కొలిచే పద్ధతి) చూసినప్పుడు లీబర్, స్మిత్ బృందానికి 2011లో వేరేది కనిపించింది. ఈ పిల్లల వెనక తొడ కండరాల్లో ఒక్కో సార్కోమియర్ మామూలు పిల్లల కంటే పొడవుగా, అప్పటికే బాగా సాగిపోయి ఉంది. వరసలో ఉన్న సంఖ్య తక్కువ కాబట్టి ఉన్నవాటి మీదే లాగుడంతా పడుతోంది. అల్ట్రాసౌండ్‌లో ఫాసికిల్ పొడవు చూసి ఇది చెప్పగలమా? చెప్పలేం. పైకి మామూలు పొడవే కనిపించే పోగులో కూడా తక్కువ సార్కోమియర్లు ఎక్కువగా సాగి ఉండొచ్చు.

ఉన్న అధ్యయనాలన్నీ కలిపి చూసే కోక్రేన్ రివ్యూ, 2017లోది, చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కీళ్లు బిగుసుకుపోవడానికి సాగదీత చికిత్స మీద 49 అధ్యయనాలు చూసి, ఏడు నెలల లోపు చేసిన సాగదీతతో కీలు కదలికలో రోగికి అక్కరకొచ్చేంత మేలు కనిపించలేదని తేల్చారు. అమ్మానాన్నలు రోజూ పిల్లల కాళ్లు పట్టుకుని చేసే పని అది. ఏం చెప్పాలో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

---

అనుమానప్పక్షి

మేడం, మరి మీరు సాగదీయించడం మానేశారా?

---

పిల్లలఫిజియో

మానలేదు. దానొక్కదాని మీదే ఆధారపడటం మానాను. బలం పెంచే వ్యాయామం, నిలబెట్టడం, నడిపించడం ముందుకొచ్చాయి. ఏ పిల్లవాడికి ఏది పనిచేస్తోందో చూడటానికి నాకు స్కాన్ కావాలి. అందుకే ఈ థ్రెడ్ వదలకుండా చదువుతున్నాను.

---

సార్కోమియర్

మేడం చెప్పింది ఈ థీసిస్‌కి గుండెకాయ లాంటి మాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇదే చిక్కు వచ్చింది, స్ట్రెచింగ్‌తో కాదు, నార్డిక్ హామ్‌స్ట్రింగ్ వ్యాయామంతో (మోకాళ్ల మీద నిలబడి మెల్లగా ముందుకి వాలే వెనక తొడ వ్యాయామం). అది చేస్తే బైసెప్స్ ఫెమొరిస్ ఫాసికిళ్లు పొడవవుతాయని అల్ట్రాసౌండ్ ఎప్పటి నుంచో చెబుతోంది. ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఆ పోగులు 10.56 సెం.మీ. కంటే పొట్టిగా ఉన్నవాళ్లకి గాయం ముప్పు నాలుగు రెట్లని 2016లో టిమ్మిన్స్ బృందం రాశాక అందరూ పొడవు వెనకే పడ్డారు.

ఆ పెరిగిన పొడవు ఎక్కడి నుంచి వచ్చింది? చూడటానికి ఒక దారి దొరికింది. సన్నని సూదుల్లాంటి మైక్రోఎండోస్కోప్‌ని కండరంలోకి దింపి, లేజర్ కాంతితో బతికున్న మనిషిలోనే సార్కోమియర్ చారల్ని బొమ్మ తీయడం. 2008లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు దీన్ని మొదట చూపించారు. దాన్ని వాడి 2022లో పిన్‌చెయిరా బృందం మూడు వారాల నార్డిక్ తర్వాత చూస్తే ఫాసికిల్ పొడవైంది, సార్కోమియర్ కూడా పొడవైంది, సంఖ్య మాత్రం పెరిగినట్టు లేదు! అదే తరహా పరిశోధన తొమ్మిది వారాలు నడిపి 2024లో ప్రచురిస్తే అప్పుడు వరసలో సంఖ్య పెరిగినట్టు కనిపించింది. మొదటి వారాల్లో స్కాన్‌లో కనిపించే పొడవు ఒక రకం, తర్వాతి పొడవు ఇంకో రకం. అల్ట్రాసౌండ్ తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి.

కాబట్టి "ఫాసికిల్ పొడవైంది" అని రాయండి. "కొత్త సార్కోమియర్లు చేరాయి" అని మాత్రం మీ మెషిన్‌తో రాయకండి. వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

---

అనుమానప్పక్షి

సరే, ఒప్పుకున్నాను, స్కాన్ ఉండాల్సిందే. కానీ నా పాత ప్రశ్న అలాగే ఉంది. కండరం మారకపోతే కీలు ఎందుకు ఎక్కువ వంగుతోంది?

---

సార్కోమియర్

ఓర్చుకోవడం పెరుగుతుంది కాబట్టి. వెప్లర్, మాగ్నుసన్ 2010లో దీన్ని విడమరచి రాశారు. డైనమోమీటర్ మీద పాదం పెట్టి, మెల్లగా పైకి వంచుతూ నిష్క్రియ టార్క్, అంటే మనిషి బిగించకుండానే కాలు ఎదురు తిప్పే బలం, రాసుకుంటారు. కండరం మెత్తబడితే అదే కోణం దగ్గర టార్క్ తగ్గాలి, అంటే గ్రాఫు కుడికి జరగాలి. చాలా అధ్యయనాల్లో గ్రాఫు కదలదు. అదే గీత మీద మనిషి ఇంకొంచెం పైదాకా వెళ్లి "చాలు" అంటాడు. ఎక్కువ లాగుడుని తట్టుకుంటున్నాడు, అంతే.

అందుకే ఫిజియో_పీజీ గారూ, కీలు గరిష్ఠంగా ఎంత వంగింది అన్నదొక్కటే నమ్ముకోవద్దు. మొదటిసారి కొలిచిన అవే కోణాల దగ్గర 8 వారాల తర్వాత కూడా ఫాసికిల్ పొడవు, టార్క్ తీసుకోండి. ఒక్క విశ్రాంతి స్థితిలోనే కాకుండా మూడు నాలుగు కోణాల దగ్గర తీయండి.

ఇంకొక మెలిక. పాదాన్ని పైకి వంచితే పిక్కలో పొడవయ్యేది ఎక్కువగా ఫాసికిల్ అనుకుంటాం. హెర్బర్ట్ బృందం 2002లో కొలిచినప్పుడు కండరం-టెండన్ మొత్తం పొడవు మార్పులో ఫాసికిళ్ల వాటా 27 శాతమే. మిగతాదంతా టెండన్ భాగంలోనే. కండరం బాగా కుదించుకుని ఉన్నప్పుడు పోగులు వదులుగా వేలాడుతుంటాయి, మొదట ఆ వదులు పోవాలి.

---

పరుగుపిచ్చి

అంటే నేను పొద్దున్నే పిక్క సాగదీస్తున్నాననుకున్నది ఎక్కువగా అకిలిస్ టెండన్‌నా!

---

ప్రోబ్_పట్టినచెయ్యి

😄 కొంచెం అదీ, కొంచెం ఇదీ.

ఆ మూడు నాలుగు కోణాల మాట బాగుంది. దానికి తోడు ఒకటి. పడుకోబెట్టి తీస్తావా, కూర్చోబెట్టి తీస్తావా, ముందే నిర్ణయించుకుని చివరిదాకా మార్చకు. మోకాలు తిన్నగా చాపి, తుంటి దగ్గర ముందుకి వంగి కూర్చుంటే చీలమండ తక్కువ వంగుతుంది. గాస్ట్రోక్నీమియస్ తుంటిని దాటదు కదా, మరెందుకు? సయాటిక్ నరం లాగబడుతుంది కాబట్టి. కండరం ఏ మార్పూ లేకుండానే కోణం మారిపోతుంది. మోకాలు మాత్రం చాపే ఉండాలి, ఎందుకంటే ఈ కండరం మోకాలిని దాటుతుంది.

---

పిల్లలఫిజియో

నరం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2020లో ఆండ్రాడే బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 12 వారాలు రెండు రకాల సాగదీత పోల్చింది, ఒకటి కండరం మీద, ఒకటి నరం మీద. రెండింటిలోనూ చీలమండ కదలిక పెరిగింది. కానీ కండరం సాగదీసిన వాళ్లలో పిక్క బిగువు తగ్గింది, నరం సాగదీసిన వాళ్లలో సయాటిక్ నరం బిగువు తగ్గింది. కీలు చూస్తే ఒకటే ఫలితం, లోపల కారణాలు వేర్వేరు. లోపలి బిగువుని కొలిచే స్కాన్, ఎలాస్టోగ్రఫీ, లేకపోతే ఇది తెలిసేది కాదు.

---

ఫిజియో_పీజీ

ఎలాస్టోగ్రఫీ గురించి ఎవరైనా చెబుతారా? పక్క డిపార్ట్‌మెంట్ మెషిన్‌లో షియర్ వేవ్ ఉందని ఇప్పుడే తెలిసింది! పేపర్లలో బిగువు కిలోపాస్కల్‌లలో ఉంది, ఒకరి విలువలు ఇంకొకరికి మూడు రెట్లు ఉన్నాయి. ఎవర్ని నమ్మాలి?

---

టెస్లా3

మూడు రెట్లా, ఇద్దర్నీ నమ్మొచ్చు 🙂 ఒకరు షియర్ మాడ్యులస్ రాశారు, ఇంకొకరు యంగ్స్ మాడ్యులస్ రాశారు, రెండూ బిగువు కొలతలే. మెషిన్ కొలిచేది కండరంలో పుట్టించిన షియర్ తరంగం వేగం. దాన్ని వర్గం చేసి కండరం సాంద్రత, అంటే ఘనపు మీటరుకి 1060 కిలోలతో గుణిస్తే షియర్ మాడ్యులస్. వేగం సెకనుకి 3 మీటర్లయితే 9.5 కిలోపాస్కల్. 5 మీటర్లయితే 26.5. దీన్ని మూడుతో గుణించి యంగ్స్ మాడ్యులస్‌గా చూపించే మెషిన్లు చాలా ఉన్నాయి. ఆ మూడు రెట్ల సూత్రం అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండే పదార్థానికి సరిపోతుంది. కండరం అలాంటిది కాదు, పోగుల వెంట ఒక వేగం, అడ్డంగా ఇంకో వేగం. అందుకే వేగమో, షియర్ మాడ్యులసో రాయడం క్షేమం. ప్రోబ్‌ని పోగుల వెంటే పెట్టాలి.

---

ప్రోబ్_పట్టినచెయ్యి

పరుగుపిచ్చి గారు మొదట్లో అడిగినదానికి ఇందులోనే జవాబు ఉంది. ఐదు నిమిషాలు సాగదీసిన వెంటనే షియర్ మాడ్యులస్ తగ్గుతుంది, మెత్తబడినట్టు కనిపిస్తుంది. 20 నిమిషాలు తిరిగేలోపు మళ్ళీ మామూలే. కాబట్టి ఫిజియో_పీజీ, 8 వారాల తర్వాతి స్కాన్ చివరి సెషన్ అయిన వెంటనే తీయకు. ఆ రోజు ప్రభావాన్ని 8 వారాల ప్రభావమని రాసేస్తావు. కనీసం ఒకటి రెండు రోజులు గ్యాప్ ఇవ్వు, ఆ రెండు రోజులూ గట్టి వ్యాయామం వద్దని చెప్పు. ఎక్కువ కసరత్తు చేసిన కండరం నీరు పట్టి లావుగా కనిపిస్తుంది.

---

ఫిజియో_పీజీ

అందరికీ ధన్యవాదాలు. మీ మాటలు విని మార్చిన ప్లాన్ ఇది, చూసి చెప్పండి.

బోర్లా పడుకోబెట్టి, మోకాలు చాపి, పాదం ఫ్రేములో బిగించి నాలుగు కోణాల దగ్గర తీస్తాను. మందం, ఫాసికిల్ పొడవు, కోణంతో పాటు షియర్ వేవ్ వేగం. ఈఎంజీ (కండరం విద్యుత్ సంకేతాన్ని పట్టేది) పెట్టి కండరం నిజంగా సడలి ఉందో లేదో చూస్తాను. కంట్రోల్ గ్రూపు వేరే మనుషులు. ముందు ఒకే కాలిని చూసి ఇంకో కాలిని కంట్రోల్‌గా వాడదామనుకున్నాను, గైడ్ గారు ఒద్దన్నారు, ఒక కాలికి చేస్తే రెండో కాలిలోనూ కదలిక పెరగొచ్చట. బొమ్మలు కొలిచేవాళ్లకి ఎవరు ఏ గ్రూపో తెలియదు.

రిలయబిలిటీకి, అంటే మళ్ళీ కొలిస్తే అదే వస్తుందా అన్నదానికి, వాడే ఐసీసీ 0.90 వస్తే చాలు కదా?

---

సార్కోమియర్

ప్లాన్ చాలా మెరుగైంది. ఐసీసీ దగ్గర ఆగండి.

0.90 వినడానికి ఘనంగా ఉంటుంది. లెక్క వేద్దాం. మీ వాళ్లలో ఫాసికిల్ పొడవు స్టాండర్డ్ డీవియేషన్ 0.6 సెం.మీ. అనుకుందాం. కొలత దోషం, అంటే ఎస్‌ఈఎమ్, ఒకటి నుంచి ఐసీసీ తీసేసి, వర్గమూలం వేసి, 0.6తో గుణిస్తే 0.19 సెం.మీ. ఒక మనిషిలో నిజమైన మార్పని నమ్మాలంటే దాన్ని 1.96తో, ఆపైన రెండు వర్గమూలంతో గుణించాలి. 0.53 సెం.మీ. వస్తుంది. 5.4 సెం.మీ. పోగులో అది దాదాపు పది శాతం. అంతకంటే తక్కువ మార్పు ఒక మనిషిలో కనిపిస్తే అది స్ట్రెచింగో, చేతి వణుకో చెప్పలేరు. గ్రూపు సగటులో చిన్న మార్పు పట్టుకోవచ్చు, దానికి మనుషులు ఎక్కువ కావాలి. శాంపిల్ సైజు ఈ లెక్క నుంచే రావాలి, ఎవరి పేపర్లోంచో తెచ్చి పెట్టింది కాదు.

---

అనుమానప్పక్షి

ఆటోమేటిక్‌గా కొలిచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగా, మనిషి చేతిని ఎందుకు తిట్టడం?

---

ప్రోబ్_పట్టినచెయ్యి

ఉన్నాయి. వీడియోలో ఫాసికిల్‌ని ఫ్రేము ఫ్రేముకీ వెంబడించే అల్ట్రాట్రాక్, డీప్ లెర్నింగ్‌తో అపోన్యూరోసిస్, పోగులు తానే గుర్తించే డీఎల్-ట్రాక్ లాంటివి. ఒకే బొమ్మని వందసార్లు ఇచ్చినా ఒకే జవాబిస్తాయి. అంతవరకూ మెచ్చుకోవాల్సిందే. కానీ ప్రోబ్ వంకరగా పట్టి తీసిన బొమ్మకి కూడా అంతే ధీమాగా జవాబిస్తాయి. చెత్త బొమ్మని చెత్త అని చెప్పేది ఇంకా మనిషి కన్నే.

---

పరుగుపిచ్చి

చివరిగా నాకో మాట చెప్పండి, సాగదీత మానెయ్యనా?

---

పిల్లలఫిజియో

హాయిగా ఉంటే చేసుకోండి బాబూ. పిక్క పొడవవుతుందని మాత్రం రోజూ టేపు పెట్టి కొలుచుకోకండి.

---

ఫిజియో_పీజీ

సార్కోమియర్ గారూ, అయితే ముందుగా ఒక పదిమందిని స్ట్రెచింగ్ ఏమీ లేకుండానే వారం తేడాతో రెండుసార్లు స్కాన్ చేసి మా ఎస్‌ఈఎమ్ తేల్చుకుంటాను. పదిమంది సరిపోతారా?

---

సార్కోమియర్

ఇంకా ఎక్కువమంది దొరికితే మంచిది, ఇరవైకి ప్రయత్నించండి. రెండోసారి కూడా ప్రోబ్ మీరే పట్టుకోండి. బొమ్మలు మాత్రం పేర్లు, తేదీలు తీసేసి కలగాపులగం చేసి కొలవండి. ఆ ఎక్సెల్ షీటు ఇక్కడ పెడితే ఎస్‌ఈఎమ్ లెక్క కలిసి చూద్దాం. సినాప్సిస్‌లో శాంపిల్ సైజు గడి అప్పటిదాకా ఖాళీగా ఉంచండి.